అలమరా తాళం అంకెలు ఎవరికి తెలుసు?

శామ్యూల్ బెకెట్ పేరెత్తగానే చెప్పడానికి ఒక మాట అందరి దగ్గరా సిద్ధంగా ఉంటుంది. జీవితానికి అర్థం లేదు, మనిషి రాని దేవుడి కోసం ఎదురుచూస్తూ పొద్దుపుచ్చుతున్నాడు, ఏ దేశంలోనైనా ఏ కాలంలోనైనా మనిషి రాత ఇంతే అని ఆయన చెప్పాడంటారు. మన విశ్వవిద్యాలయాల్లో ఇంగ్లీషు ఎం.ఏ. చేసినవాళ్ళు ‘వెయిటింగ్ ఫర్ గోడో’ మీద పుస్తకం తెరవకుండానే నాలుగు పేజీలు నింపగలరు. ప్రపంచయుద్ధం, దేవుడి మరణం, కామూ, సిసిఫస్ బండరాయి, శూన్యం, అసంబద్ధత. ఆవు వ్యాసం బట్టీ పట్టిన కుర్రాడు ఏ ప్రశ్న వచ్చినా దాన్ని తీసుకెళ్ళి ఆవుకి కట్టేసినట్టు, బెకెట్ ఏం రాసినా అసంబద్ధతకు కట్టేయడం అలవాటైపోయింది. గైడ్లలో అలాగే ఉంది కాబట్టి విద్యార్థులు అలాగే రాస్తారు, వాళ్ళను అనాల్సిన పనిలేదు. గైడ్లకు ఆ మాట అందించినవాళ్ళు మాత్రం సామాన్యులు కారు. నా తగువు వాళ్ళతోనే. ఆ పఠనం పూర్తిగా తప్పని నేననను. పాత్రలు నోటితో అనేదాన్ని విని, వాళ్ళు ఒకరికొకరు చేసేదాన్ని చూడకుండా వదిలేస్తుందంటాను. తిండి ఎవరి అధీనంలో ఉంది, తాడు ఎవరి మెడకుంది, రాత్రి ఎవరికి దెబ్బలు పడ్డాయి, కాగితాలు చూపించమని అడిగే హక్కు ఎవరిది అన్న తగాదాలే బెకెట్ వేదిక మీద కంటికి కనబడతాయి. ఈ తగాదాలు చూడకుండా ఆయన్ని చదవడం అంటే రోగి చెయ్యి పట్టుకోకుండా జాతకం చెప్పడమే.

1961లో మార్టిన్ ఎస్లిన్ ‘ద థియేటర్ ఆఫ్ ది అబ్సర్డ్’ వేశాడు. బెకెట్, అయనెస్కో, ఆదమోవ్, జెనే అనే నలుగురిని, ఒకరికొకరికి పెద్దగా పొత్తు లేకపోయినా, ఒకే గాటన కట్టాడు. అందుకు కావలసిన సిద్ధాంతం 1942 నాటి కామూ ‘మిత్ ఆఫ్ సిసిఫస్’లో దొరికింది. ఆ పుస్తకం చేసిన మేలు కాదనలేం. కథ లేదు, పాత్రపోషణ లేదు అని విసుక్కుంటున్న ప్రేక్షకుడికి, అవి లేకపోవడం రచయిత చేతకానితనం వల్ల కాదని నచ్చజెప్పింది. ఎస్లిన్ బుడాపెస్ట్‌లో పుట్టి, వియన్నాలో పెరిగి, 1938లో హిట్లర్ ఆస్ట్రియాను కలిపేసుకున్నాక పారిపోయి వచ్చినవాడు, తర్వాత బీబీసీ రేడియో నాటక విభాగాన్ని ఏళ్ళ తరబడి నడిపినవాడు. చరిత్ర అంటే ఏమిటో ఆయనకు ఒకరు చెప్పనక్కర్లేదు. అలాంటివాడు కూడా బెకెట్ దగ్గరికి వచ్చేసరికి చరిత్రను దాటుకుని నేరుగా ‘మానవస్థితి’ గడప తొక్కడమే నాకు వింతగా తోస్తుంది. ఆ రోజుల్లో యూరప్‌లో అదొక మర్యాద అయి ఉండాలి. నాజీల ఆక్రమణ కాలంలో పక్కింటివాణ్ణి పట్టించినవాడూ, పట్టుబడ్డవాడూ, చూసీ చూడనట్టు ఊరుకున్నవాడూ ఒకే నాటకశాలలో కూర్చుంటే, మనందరి బతుకూ ఇంతేనన్న వ్యాఖ్య ముగ్గురికీ సుఖంగా ఉంటుంది. ఎవరి బతుకు ఎవరి మూలంగా ఇలా తయారైందని అడిగే ఇబ్బంది తప్పుతుంది. తను పెట్టిన పేరు అరిగిపోయిన ముద్రగా మారిందని ఎస్లిన్ తర్వాత తనే నొచ్చుకున్నాడు. అప్పటికే అది చేయి దాటిపోయింది.

ఎస్లిన్‌కు ఎదుటి పక్షమైన జార్జ్ లూకాచ్ కూడా ఈ విషయంలో అటే నిలబడటం చూడండి. 1950ల చివర్లో వాస్తవికత మీద రాసిన పుస్తకంలో ‘మొలోయ్’ నవలను ఆధునికవాద క్షీణతకు పరాకాష్ఠగా చూపించాడు. ఇందులో సమాజం లేదు, మనిషి దిగజారుడునే మనిషి స్వభావంగా చూపించారు అని ఆయన ఫిర్యాదు. ఎస్లిన్ దేన్ని మెచ్చుకున్నాడో లూకాచ్ దాన్నే తిట్టాడు. ఆ మెప్పుకీ తిట్టుకీ పునాది ఒకటే: బెకెట్‌లో చరిత్ర లేదు. వామపక్షం నుంచి బెకెట్‌ను తోసిపుచ్చిన చాలామంది ఈ ఒక్క విషయంలో తమ ప్రత్యర్థి చెప్పిన సాక్ష్యాన్నే పరీక్షించకుండా పుచ్చుకున్నారు. థియోడోర్ ఆడోర్నో వీళ్ళిద్దరికన్నా చాలా ముందుకు పోయాడు. 1961 నాటి ‘ఎండ్‌గేమ్’ వ్యాసంలో, చరిత్ర పేరు వినబడకపోవడమే చరిత్ర చేసిన గాయానికి ఆనవాలని చూపించాడు. ఆయన తర్వాత బెకెట్‌ను అమాయకంగా చదవడం కుదరదు. అయితే ఆడోర్నో కన్ను ఎప్పుడూ పెద్ద వినాశం మీదే. లోకమంతా బూడిదైపోయాక ఇక మిగిలిందేముంది అంటాడు. మిగిలింది. గింజలు మిగిలాయి, కొన్ని బిస్కెట్లు మిగిలాయి, అవి ఒకడి దగ్గరే ఉన్నాయి. ఇంత పెద్ద తత్వవేత్తకు ఇంత చిన్న సంగతి ఆనలేదు.

ఇక వాదానికి కావలసిన జీవితం. బెకెట్ 1906లో డబ్లిన్ శివారు ఫాక్స్‌రాక్‌లో కలిగిన ప్రొటెస్టెంట్ కుటుంబంలో పుట్టాడు. 1934లో వచ్చిన ఆయన తొలి కథల పుస్తకాన్ని కొత్త ఐరిష్ ప్రభుత్వం నిషేధించింది. 1939లో యుద్ధం మొదలైనప్పుడు ఐర్లండ్‌లో ఉన్నాడు. తటస్థ దేశం పౌరుడు, ఇంట్లో కాలు మీద కాలేసుకుని కూర్చోవచ్చు. పనిగట్టుకుని పారిస్ తిరిగివెళ్ళాడు. 1941లో ‘గ్లోరియా ఎస్.ఎం.హెచ్.’ అనే రహస్య ప్రతిఘటన దళంలో చేరాడు. ఆయనకు అప్పగించిన పని విచిత్రంగా సాహిత్యానికి దగ్గర: రకరకాల మనుషులు చిత్తుకాగితాల మీద పంపిన కబుర్లు పోగుచేసి, కుదించి, తర్జుమా చేసి, టైపు కొట్టడం. అవి మైక్రోఫిల్మ్ అయి లండన్ చేరేవి. 1942 ఆగస్టులో ఒక కేథలిక్ ఫాదరీ ద్రోహం చేసి దళాన్ని జర్మన్లకు పట్టించాడు. పాత మిత్రుడు ఆల్ఫ్రెడ్ పెరోన్ అరెస్టయ్యాడు. అతను మౌట్‌హౌజెన్ శిబిరం నుంచి బయటపడి కూడా ఇల్లు చేరకుండానే 1945లో చనిపోయాడు. బెకెట్, ఆయన సహచరి సుజాన్ తప్పించుకుని దక్షిణాన వోక్లూజ్‌లోని రూసియోన్ చేరారు. ఎర్రమట్టి ఊరు. అక్కడ ఆక్రమణ ముగిసేదాకా పొలం పని, ద్రాక్షతోట పని చేసి కూలికి తిండిగింజలు తెచ్చుకున్నాడు, రాత్రిళ్ళు ‘వాట్’ నవల రాసుకున్నాడు. ఎప్పుడు ఎవరు వస్తారో, ఎవరు ఎవరి మనిషో తెలియని ఎదురుచూపు ఆయనకు కామూ పుస్తకం చదివితే వచ్చింది కాదు. యుద్ధానంతరం ఫ్రాన్స్ ఇచ్చిన క్రోయ్ ద గేర్ పతకం గురించి దగ్గరివాళ్ళకు కూడా చెప్పుకోలేదంటారు. ఆ మౌనాన్నే విమర్శకులు చరిత్ర పట్ల ఉదాసీనత అనుకున్నారు.

జీవితంలో ఉన్నది రచనలో ఉండాలని ఏముంది అని అడగవచ్చు. ఉండాలని లేదు. ఉందో లేదో పుస్తకం తెరిచి చూడాలి. ‘మొలోయ్’ రెండో భాగంలో మొరాన్ ఒక ఏజెంటు. ఆదివారం పూట గేబర్ అనే దూత వచ్చి పని అప్పగిస్తాడు. ఆదేశాలు అతని నోటుపుస్తకంలో గుప్తలిపిలో ఉంటాయి, అది అతనికి తప్ప ఎవరికీ అర్థంకాదు. పైన యూడీ అనే యజమాని ఉన్నాడట, మొరాన్‌కు కనబడడు. తనలాంటి ఏజెంట్లు ఇంకా ఎందరున్నారో తెలియదు. అసలు తనూ గేబరూ తప్ప ఇంకెవరూ లేరేమోనని కూడా ఒకచోట అనుమానపడతాడు. పని ముగిశాక నివేదిక రాయాలి, మనం చదువుతున్న పుస్తకమే ఆ నివేదిక. గేబర్‌ను గాబ్రియేల్ అనీ యూడీని యెహోవా అనీ చెప్పి మతపరమైన అన్యాపదేశం కట్టినవాళ్ళున్నారు. మొలోయ్, మొరాన్‌లను ఒకే మనసులోని రెండు పొరలు చేసి ఫ్రాయిడ్‌కో యూంగ్‌కో ముట్టజెప్పినవాళ్ళున్నారు. పేర్లలో ఆ ధ్వని ఉంది, నేను కాదనను. కానీ ఒకరి సంగతి ఒకరికి తెలియనివ్వని ఆ అమరిక, పట్టుబడితే చెప్పడానికి ఏమీ లేకుండా ఉండే ఆ ఏర్పాటు, నివేదికల కట్టలు — ఇవి స్వర్గం నుంచి వచ్చాయనడానికన్నా పారిస్ రహస్య దళం నుంచి వచ్చాయనడానికి ఎక్కువ సాక్ష్యం ఉంది. మొదటి భాగంలో మొలోయ్ సైకిల్ హ్యాండిల్ మీద తల వాల్చి అలుపు తీర్చుకుంటే పోలీసు ఆపేస్తాడు. అలా సేదతీరడం నేరం. కాగితాలు తియ్యమంటాడు. మొలోయ్ దగ్గరున్న కాగితాలు వెనక తుడుచుకోవడానికి దాచుకున్న పేపరు ముక్కలు, అవే పోలీసు ముక్కు కింద పెడతాడు. ఆ సీను చూసి నవ్వొస్తుంది. గుర్తింపు కాగితం లేకపోతే మనిషి మాయమైపోయే నగరంలో కొన్నేళ్ళ కిందటిదాకా బతికినవాడు రాశాడని గుర్తుంటే ఆ నవ్వు గొంతులో అడ్డుపడుతుంది.

ఇప్పుడు ‘గోడో’. 1948 అక్టోబరు నుంచి 1949 జనవరి దాకా ఫ్రెంచిలో రాసి, 1953 జనవరిలో పారిస్ బాబిలోన్ థియేటర్‌లో రోజే బ్లాఁ ఆడించిన నాటకం. ఇందులో ఏమీ జరగదని చెప్పడం విమర్శలో ఒక సంప్రదాయం. జరిగేది లెక్కపెట్టి చూద్దాం. గోడో కోసం ఎదురుచూసే ఇద్దరు ఎస్ట్రగాన్, వ్లాదిమిర్. ఎస్ట్రగాన్ రాత్రి గుంటలో పడుకున్నాడు, ఎవరో వచ్చి కొట్టారు, రోజూ కొట్టేవాళ్ళే కొట్టారో కాదో తెలియదు. మొదటి అంకంలో ఆకలంటే జేబులోంచి టర్నిప్ వస్తుంది, వెతికితే ఒక్క క్యారెట్ దొరుకుతుంది. రెండో అంకానికి క్యారెట్ అయిపోయింది, నల్ల ముల్లంగి మిగిలింది. బంగాళాదుంపలు జర్మన్లు పట్టుకుపోతే పశువులకు వేసే దుంపలు తిని గడిపిన ఫ్రెంచి ప్రేక్షకుడికి ఈ కూరగాయలు ప్రతీకలుగా తోచి ఉండవు. దారిన వచ్చిన పోజో ఆ నేల తనదంటాడు. మెడకు తాడు కట్టిన లకీని సంతలో అమ్మడానికి తోలుకుపోతున్నాడు. పోజో కోడి తిని ఎముకలు పారేస్తే ఎస్ట్రగాన్ అడుక్కుంటాడు. ఆ ఎముకలు ఆనవాయితీగా మోతగాడైన లకీవి, అతను వద్దంటేనే ఇంకొకరికి. చూశారా, ఎముకలకు కూడా హక్కుదారుల వరస ఉంది. తాడు ఒరుసుకుపోయి లకీ మెడ పుండైందని చూసి వ్లాదిమిర్ మొదట మండిపడతాడు, మనిషిని ఇలా చూడటం సిగ్గుచేటంటాడు. కాసేపటికి పోజో తల పట్టుకుని ఏడ్చేసరికి అదే వ్లాదిమిర్ తిరగబడి లకీని నిలదీస్తాడు, ఇంత మంచి యజమానిని ఇంత బాధపెడతావా అని. ఈ మలుపుకు నిమిషాలు పట్టవు. ఆక్రమణ కాలపు సమాజం గురించి ఇంత నిర్దాక్షిణ్యమైన పరిశీలన ఆ రోజుల్లో పేరుపెట్టి రాసిన ప్రతిఘటన నవలల్లో కూడా అరుదు. అసంబద్ధవాద వ్యాఖ్యల్లో దీనికి చోటు లేదు. ఎందుకంటే వాటిలో పోజో, లకీ కూడా ‘మానవస్థితి’కి ఇద్దరు ప్రతినిధులే, తాడుకు ఏ కొసన ఉన్నారన్నది లెక్కలోకి రాదు.

గోడో ఎవరన్న ప్రశ్నకు ఖర్చయినంత సిరా ఇంకే ప్రశ్నకూ ఖర్చయి ఉండదు. ఆ గోడో దగ్గర్నుంచి వచ్చిన కుర్రాణ్ణి వ్లాదిమిర్ ఏమడుగుతాడో మాత్రం ఎవరికీ పట్టలేదు. దేవుడి కబురు తెచ్చినవాణ్ణి అడిగే ప్రశ్నలు కావవి. నీకేం పని? మేకల్ని కాస్తాను. కొడతాడా? నన్ను కొట్టడు, గొర్రెల్ని కాసే మా అన్నదమ్ముణ్ణి కొడతాడు. కడుపుకు పెడతాడా? ఎక్కడ పడుకుంటావు? గడ్డి అటక మీద. ఇది ఒక పాలేరును ఆసామి గురించి వాకబు చేయడం, రేపు ఆ ఆసామి కిందే చేరాల్సినవాడు చేసే వాకబు. గోడో దేవుడే అయినా సరే, ఈ ఇద్దరూ ఆయన నుంచి కోరేది గడ్డివాములో వెచ్చగా పడుకోవడం, కడుపునిండా తిండి. దేవుడి విషయంలో కూడా వీళ్ళకు ముందు తట్టేది జీతగాడి ప్రశ్న. ఇదేం చిన్న సంగతి?

ఇక్కడ నాకు ఎదురయ్యే బలమైన అభ్యంతరం ఒకటుంది. బెకెట్ తనే స్థలకాలాలు చెరిపేశాడు కదా, చెరిపినవి మళ్ళీ తవ్వి తీయడం రచయితకు ద్రోహం కాదా? ‘గోడో’ రాతప్రతిలో ఎస్ట్రగాన్ పేరు లెవీ, చదివినవాళ్ళకు యూదుడని తెలిసిపోయే పేరు. అచ్చులో అది పోయింది. ఫ్రెంచి పాఠంలో వ్లాదిమిర్ ద్రాక్ష కోసిన ఊరు రూసియోన్, తోట ఆసామి పేరుతో సహా ఉంటుంది. ఇంగ్లీషులో ఊరూ పేరూ రెండూ ఎగిరిపోయాయి. ‘ఎండ్‌గేమ్’కు ముందరి ముసాయిదాలో ఉత్తర ఫ్రాన్స్ పికార్డీ ప్రాంతమూ, 1914–18 నాటి విధ్వంసమూ ఉన్నాయి. ‘హ్యాపీ డేస్’ చిత్తుప్రతిలో విల్లీ అనే పాత్ర చదివే పేపర్లో రాకెట్లు ఊళ్ళ మీద పడ్డ వార్తలున్నాయి. చివరికి ఇవేవీ మిగల్లేదు. ఎస్.ఇ. గొంటార్స్కీ 1985లో ఈ ముసాయిదాలను వరసపెట్టి పరిశీలించి, బెకెట్ పద్ధతే ఇలా ఊడదీసుకుంటూ పోవడమని రుజువు చేశాడు. ఆ వాస్తవాలన్నీ నాకు సమ్మతమే. వాటి నుంచి, చెరిపింది కాబట్టి లెక్కలోకి రాదు అనే నిర్ణయానికి రావడమే ఒప్పుకోను. బెకెట్ ఏం చెరిపాడో చూసినవాళ్ళు ఏం చెరపలేదో కూడా చూడాలి. ఊరి పేరు తీశాడు, కూలి పని ఉంచాడు. లెవీ అన్న పేరు తీశాడు, రాత్రి గుంటలో తిన్న దెబ్బలు ఉంచాడు. రాకెట్ల వార్త తీశాడు, నడుముదాకా మట్టిలో కూరుకుపోయిన ఆడమనిషిని మాడ్చే ఎండ ఉంచాడు. ఆయన కత్తెర ప్రతిసారీ చిరునామా మీద పడింది, బలవంతుడికీ బలహీనుడికీ మధ్య జరిగేదాని మీద ఎప్పుడూ పడలేదు. ఇంత నిలకడగా ఒకే వైపు పనిచేసిన కత్తెర, ‘అర్థంలేనితనాన్ని’ పుట్టించడానికే పనిచేసిందని ఎలా నమ్మడం?

‘ఎండ్‌గేమ్’ దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగాలి, ఎందుకంటే విశ్వశూన్యం అనే మాట ఎక్కువగా వినబడేది దీని గురించే. 1957లో లండన్ రాయల్ కోర్టులో ఫ్రెంచిలో మొదటిసారి ఆడిన ఈ నాటకంలో హామ్ గుడ్డివాడు, చక్రాల కుర్చీలోంచి లేవలేడు. క్లోవ్ కూర్చోలేడు, సేవకుడు. హామ్ తల్లిదండ్రులు నెల్, నాగ్ చెరో చెత్తడబ్బాలో ఉంటారు. కాళ్ళు ఎక్కడ పోయాయంటే, ఆర్డెన్ అడవుల్లో, సెడాన్ దారిలో, జోడు సైకిల్ ప్రమాదంలో. 1870లోనూ 1940లోనూ ఫ్రెంచి సైన్యం కుప్పకూలిన ఊరు సెడాన్. ఇంత చెరిపినవాడు ఈ పేరు ఉంచాడు! తండ్రి జావ అడుగుతాడు, జావ అయిపోయిందని చెప్పి ఒక బిస్కెట్ పెట్టిస్తారు. ఇంగ్లీషు పాఠంలో అది స్ప్రాట్స్ సరుకు, కుక్కబిస్కెట్లకు పేరుమోసిన కంపెనీ. తన కథ వింటే మిఠాయి ఇస్తానని హామ్ తండ్రికి ఆశపెడతాడు, విన్నాక మిఠాయిలు లేవంటాడు. క్లోవ్‌కు చావకుండా సరిపడా పెడతాను, ఆకలి మాత్రం ఎప్పుడూ ఉంటుంది అంటాడు. మరి నన్ను చంపెయ్యవేం అని హామ్ అడిగితే క్లోవ్ చెప్పే కారణం తాత్వికమైనది కాదు: అలమరా తాళం అంకెలు తనకు తెలియవు. ఆ ఇంట్లో ప్రభుత్వం నడిచేది ఆ అంకెల మీద. హామ్ చెప్పుకునే కథలో క్రిస్మస్ ముందురోజు ఒకడు పాక్కుంటూ వచ్చి కొడుకు కోసం రొట్టె అడుగుతాడు. హామ్ దగ్గర గాదెలో గింజలున్నాయి. ఇచ్చే ముందు వాణ్ణి ఎంతసేపు కాళ్ళ దగ్గర పడేయవచ్చో అంతసేపూ పడేస్తాడు. పెగ్ అనే ముసలమ్మ దీపానికి నూనె అడిగితే లేదు పొమ్మన్నాడు, ఆమె చీకటి వల్లే చచ్చిపోయిందని క్లోవ్ మొహం మీదే అంటాడు. ఐర్లండ్‌లో 1840ల కరువు కాలంలో గింజల గాదెలూ, తలుపు దగ్గర పాకే జనమూ పక్కపక్కనే ఉన్నాయని గుర్తున్న చదువరికి ఈ కథ ఎక్కడి నుంచి మాట్లాడుతోందో పోల్చుకోవడం కష్టం కాదు. ఇంకో సంగతి. 1944 బాంబుదాడుల్లో నేలమట్టమైన నార్మండీ పట్నం సేన్-లోలో ఐరిష్ రెడ్‌క్రాస్ చెక్క షెడ్లలో ఆస్పత్రి పెట్టినప్పుడు, 1945లో బెకెట్ అక్కడ దుబాసీగానూ, సరుకుల గది చూసుకునే స్టోర్‌కీపరుగానూ పనిచేశాడు. ఏది ఎంత మిగిలింది, ఎవరికి ఎంత ఇవ్వాలి, ఎవరిని లేదని పంపాలి అన్నది ఆయన చేసిన ఉద్యోగం. ‘ఎండ్‌గేమ్’ నిండా సరుకు అయిపోయిందన్న కబుర్లే: సైకిల్ చక్రాలు లేవు, దుప్పట్లు లేవు, నొప్పి మందు లేదు, శవపేటికలు లేవు. దీన్ని ప్రపంచాంతం అన్నారు. నాకు మాత్రం స్టాకు రిజిస్టరు తెలిసినవాడు రాసినట్టుంది.

అయితే, ఒక తాళం పారేసి ఇంకో తాళం పెట్టడం నా ఉద్దేశం కాదు. ఫ్రాన్స్‌లో వలాంతాఁ తెమ్కిన్ ‘గోడో’ను ఏకంగా 1943 వసంతానికి, దక్షిణ ఫ్రాన్స్‌కు బిగించాడు. ఇద్దరూ యూదులు, గోడో వాళ్ళను సరిహద్దు దాటించాల్సిన ప్రతిఘటన మనిషి అన్నాడు. ఆకర్షణీయమైన ఊహ, ఆధారాలు కూడా కొన్నున్నాయి. హ్యూ కెన్నర్ లాంటి కఠినమైన రూపవాది సైతం రహస్య దళాల సంకేతస్థలాలు ఈ నాటకంలో తోస్తాయని ఒప్పుకున్నాడు. కానీ నాటకాన్ని పొడుపుకథ చేసి విప్పేస్తే, విప్పాక చదవడానికి ఏమీ మిగలదు. గోడోను దేవుడన్నా దళనాయకుడన్నా పని ఒకటే, కనబడనివాడికి పేరుపెట్టి కనబడేవాళ్ళను మరిచిపోవడం. నా పట్టు అంతా కనబడేవాళ్ళ మీద. లెవీ పేరు చెరిపాక ఎస్ట్రగాన్ యూదుడు కాకుండా పోలేదు, యూదుడు మాత్రమే కాకుండా పోయాడు. ఆ తేడాను తెమ్కిన్ ఒకవైపు నుంచీ ఎస్లిన్ ఇంకోవైపు నుంచీ పోగొట్టుకున్నారు.

బెకెట్ డెకార్ట్‌ను, గేలింక్స్‌ను, షోపెన్‌హవర్‌ను నిజంగా చదివాడు, నోట్సు రాసుకున్నాడు, 1938 నాటి ‘మర్ఫీ’ నిండా అవే. తత్వశాస్త్రాన్ని పక్కన పెట్టమంటావా అంటే, పెట్టమనను. అది ఎవరి నోట, ఏ స్థితిలో పలుకుతుందో గమనించమంటాను. ‘గోడో’లో దేవుడు, మనిషి, విశ్వవిద్యాలయ పరిశోధనల పేరిట వచ్చే అతిపెద్ద ఉపన్యాసం లకీది. యజమాని ఆలోచించమని ఆజ్ఞాపిస్తే, తాడు మెడన ఉండగా, టోపీ పెడితేనే నడిచే ఆలోచన అది. టోపీ పీకేస్తే ఆగిపోతుంది. ఈ సీను రాసినవాడికి తత్వం మీద నమ్మకం ఉందో లేదో గానీ, ఆజ్ఞ మీద పలికే తత్వం మీద మాత్రం ఒక స్పష్టమైన అభిప్రాయం ఉంది. అస్తిత్వవాద విమర్శకులు ఆ ఉపన్యాసంలోని ముక్కల్ని ఏరి అర్థం కట్టారు. తాడు ఊసెత్తినవాళ్ళు తక్కువ.

మరి ప్రపంచమంతా ఈ నాటకాన్ని తనదనుకుంది కదా, అది సార్వజనీనతకు రుజువు కాదా? ఎస్లిన్ పుస్తకం మొదలయ్యేదే ఆ రుజువుతో. 1957 నవంబరులో కాలిఫోర్నియా శాన్ క్వెంటిన్ జైల్లో సుమారు 1400 మంది ఖైదీల ముందు ‘గోడో’ ఆడారు. పారిస్, లండన్, న్యూయార్క్ మేధావులు తల పట్టుకున్న నాటకం ఖైదీలకు వెంటనే అందింది. దీని నుంచి ఎస్లిన్ తీసిన నీతి, ఇది అందరి కథ అని. నేను సరిగ్గా తిరగేసి చదువుతాను. అందరి కథే అయితే అంతకు ముందు ఏడాది మయామీలో ఏమైంది? 1956 జనవరిలో రెండు ఖండాలను నవ్వించిన నాటకమని ప్రకటన వేసి సెలవుల ఊళ్ళో ఆడిస్తే, విరామానికి సగం జనం లేచిపోయారు. ఎదురుచూపు ఎవరికి శిక్షో వాళ్ళకు నాటకం తెలిసింది, ఎదురుచూపు ఎవరికి విసుగో వాళ్ళకు తెలియలేదు. 1980లో కేప్‌టౌన్ బాక్స్‌టర్ థియేటర్‌లో జాన్ కాని, విన్‌స్టన్ ఎన్‌ట్షోనా నల్లజాతి వ్లాదిమిర్, ఎస్ట్రగాన్‌లుగా నిలబడినప్పుడు, 1993లో సూజన్ సాంటాగ్ ముట్టడిలో ఉన్న సరయేవోలో కొవ్వొత్తుల వెలుగులో ఆడించినప్పుడు ఏం జరిగిందో కూడా ఇదే చెబుతుంది. ఆ నటులు గానీ ప్రేక్షకులు గానీ నాటకానికి కొత్తగా రాజకీయం తగిలించలేదు. వర్ణవివక్ష పాటించే నాటకశాలల్లో తన నాటకాలు ఆడటానికి బెకెట్ అసలు ఒప్పుకోలేదు. ఊరి పేరు తీసేసిన చోట వాళ్ళ ఊరి పేరు ఇమిడింది. మయామీ పేరు ఇమడలేదు. ఎక్కడైనా ఇమిడేది, ఎక్కడైనా ఒక వైపునే ఇమిడేది — ఈ రెండూ ఒకటి కావు.

‘ది అన్‌నేమబుల్’ విషయంలో నా వాదం పలచబడుతుందని ఒప్పుకోవాలి. 1980ల్లోని చివరి గద్యమూ అంతే. అక్కడ మనుషులు కరిగి గొంతు మాత్రమే మిగులుతుంది, ఆ గొంతుకు అలమరా తాళం వెతకడం మొండితనం అవుతుంది. కానీ ఆ రెంటి మధ్య 1961లో వచ్చిన ‘హౌ ఇట్ ఈజ్’ ఉంది. బురదలో పాకే ఒకడు, ఇంకొకడు దొరికితే వాడికి మాట నేర్పుతాడు. ఎలా? చంకలో గోళ్ళు గుచ్చితే పాడాలి, డబ్బా మూత తీసే ఇనుము పిరుదులో దిగితే మాట్లాడాలి, తల మీద మొత్తితే ఆపాలి. ఈ పుస్తకం వేసిన ఎడిషన్స్ ద మినుయి 1958లో అల్జీరియాలో ఫ్రెంచి సైనికులు తనను ఎలా చిత్రహింస పెట్టారో ఆంరి అలెగ్ రాసిన ‘లా కెస్త్యోఁ’ను అచ్చేసిన సంస్థే, ప్రభుత్వం ఆ పుస్తకం ప్రతులను జప్తు చేసింది. మనిషిని నొప్పి పెట్టి మాట రాబట్టే పద్ధతి గురించి పారిస్ అంతా మాట్లాడుకుంటున్న ఏళ్ళలో, ఆ ప్రచురణకర్త ముఖ్యరచయిత, మాట రాబట్టే పద్ధతినే నవలకు వ్యాకరణం చేశాడు. ఎమిలీ మోరిన్ 2017లో రాసిన పుస్తకం తర్వాత ఈ సంబంధాన్ని యాదృచ్ఛికమని కొట్టిపారేయడం కుదరదు. అయినా ఈ నవలను భాషకూ అస్తిత్వానికీ మధ్య పెనుగులాటగానే ఇప్పటికీ బోధిస్తున్నారు. పెనుగులాట నిజమే, పెనుగులాడుతున్నది మాత్రం భాష ఒక్కటే కాదు, ఆ ఇనుము దిగుతున్న ఒళ్ళు కూడా.

చివరి అభ్యంతరం రచయిత పేరు మీదే వస్తుంది. బెకెట్ రాజకీయాలు మాట్లాడలేదు, తన రచనలకు వివరణ ఇవ్వలేదు, 1969 నోబెల్ తీసుకోవడానికి స్టాక్‌హోమ్ కూడా వెళ్ళలేదు. ఆయన రాజకీయ రచన ఏదైనా ఉంటే ‘కెటాస్ట్రఫీ’ ఒక్కటే, అది మినహాయింపు అంటారు. 1982లో, జైల్లో ఉన్న వాత్స్లావ్ హావెల్‌కు అంకితం చేసి, అవిన్యోఁ ఉత్సవం కోసం రాసిన చిన్న నాటిక అది. బొచ్చుకోటు వేసుకున్న దర్శకుడు చుట్టకు నిప్పు అడుగుతూ, సభకు ఆలస్యమవుతోందని తొందరపడుతూ, దిమ్మె మీద నిలబెట్టిన మనిషిని సరిచేయిస్తుంటాడు. చేతులు ఇలా పెట్టు, టోపీ తియ్యి, తెల్లరంగు పులుము, తల వంచు. సహాయకురాలు రాసుకుంటూ, చేసిపెడుతూ, ఆయన లేచాక కుర్చీ తుడుచుకుంటుంది. చప్పట్లు మోగుతుండగా ఆ మనిషి తల ఎత్తి జనాన్ని చూస్తాడు. ఆ ముగింపు అస్పష్టంగా ఉందన్న సమీక్షకుడి మీద బెకెట్ మండిపడ్డాడని జీవితకథ రాసిన జేమ్స్ నోల్సన్ చెబుతాడు. మినహాయింపు ఎక్కడుంది ఇందులో? ఒకడు కుర్చీలో కూర్చుని ఇంకొకడి ఒంటిని ఆజ్ఞలతో కదిలించడం, మధ్యలో ఉన్న మనిషి జాలిపడుతూనే పని చేసిపెట్టడం: 1949లో పోజో, లకీ, వ్లాదిమిర్ చేసింది ఇదే. 1957లో హామ్, క్లోవ్ చేసింది ఇదే. ముప్పై మూడేళ్ళుగా రాస్తూ వచ్చిన సీనుకు ఒకసారి హావెల్ పేరు జతపడగానే అది రాజకీయమైంది, పేరు లేనన్నాళ్ళూ మానవస్థితిగా ఉంది. తేడా నాటకాల్లో లేదు. అంకితం పేజీ ఉంటే తప్ప తాడు కనబడని విమర్శలో ఉంది.